గంపగుత్త బేరం.. లాభమెవరికి?

* ఆన్‌లైన్‌లో వెనక్కి వచ్చిన సరకుపై పెరుగుతున్న మోజు
* మూట విప్పకుండా కొంటే మొదటికే మోసం
* చట్టం అండ వినియోగదారుడికే.. తిరిగి అమ్మే వ్యాపారికి కాదు

పుంగనూరు: టమాటా మార్కెట్‌లో పాట మొదలయ్యే ముందు అనుభవమున్న వ్యాపారి చేసే పని ఒక్కటే. బాక్సులో చేయి పెట్టి అడుగున ఉన్న కాయను పైకి తీసి చూస్తాడు. పైవరుస నిగనిగలాడుతున్నంత మాత్రాన ధర పలకడు. అడుగున పచ్చికాయ ఉందా, చితికిన కాయ ఉందా అన్నది తేలాకే నోరు విప్పుతాడు. పడమటి మండలాల్లో పిల్లలకు సైతం తెలిసిన వ్యాపార సూత్రమిది. అయితే ఇప్పుడు ఇదే ప్రాంత యువతను ఒక కొత్త బేరం ఊరిస్తోంది. 'లక్ష రూపాయల సరకు ఇరవై వేలకే' అంటూ చేతిలోని ఫోనులో వీడియోలు వరుస కడుతున్నాయి. ఆన్‌లైన్ దుకాణాల నుంచి, పెద్ద షోరూముల నుంచి వెనక్కి వచ్చిన వస్తువులను మూటలుగా, పెట్టెలుగా గంపగుత్తగా కొని, విడిగా అమ్ముకుంటే లాభాలే లాభాలన్నది వాటి సారాంశం. ఇక్కడ మాత్రం అడుగు కాయను చూసే వీలు ఉండదు. మూట కట్టినది కట్టినట్టే కొనాలి. ఈ ఒక్క తేడాయే వ్యాపారి పెట్టుబడిని నిలబెట్టాలా, ముంచాలా అన్నది నిర్ణయిస్తోంది.

సరకు వెనక్కి ఎందుకు వస్తుంది?

దుకాణంలో చీర కొనేవారు పట్టి చూసి, మడత విప్పి, వెలుతురులో రంగు సరిచూసుకుని కొంటారు. ఆన్‌లైన్‌లో చూసేది బొమ్మను మాత్రమే. కొలత కుదరలేదని, రంగు తేడా వచ్చిందని, అనుకున్న నాణ్యత లేదని తిప్పి పంపడం సహజం. దీనికితోడు మన దేశంలో వస్తువు చేతికి అందాక డబ్బు చెల్లించే పద్ధతి విస్తృతంగా ఉంది. పార్సిల్ వచ్చే సమయానికి ఇంట్లో మనిషి లేకున్నా, మనసు మారినా, చేతిలో సొమ్ము లేకున్నా అది విప్పకుండానే వచ్చిన దారి పడుతుంది.

ఇది ప్రపంచమంతటా ఉన్న సమస్యే. అమెరికాలో 2024లో రిటైల్ అమ్మకాల్లో 16.9 శాతం, అంటే సుమారు 89,000 కోట్ల డాలర్ల విలువైన సరకు వెనక్కి వస్తుందని అక్కడి జాతీయ రిటైల్ సమాఖ్య అంచనా వేసింది. అక్కడ ఇలాంటి సరకును వేలం వేయడానికే ప్రత్యేక సంస్థలు పుట్టుకొచ్చాయి. 1999లో మొదలైన లిక్విడిటీ సర్వీసెస్, 2008లో మొదలైన బీ-స్టాక్ అందులో పేరెన్నికగన్నవి. వెనక్కి వచ్చిన, అమ్ముడుపోని సరకును ధ్వంసం చేయడంపైనా విమర్శలు చెలరేగాయి. బ్రిటన్‌లోని ఒక అమెజాన్ గోదాములో వాడని వస్తువులను పెద్దఎత్తున ధ్వంసానికి పంపుతున్నట్లు 2021లో ఒక టీవీ సంస్థ బయటపెట్టడం సంచలనం రేపింది. అమ్ముడుపోని ఆహారేతర వస్తువులను ధ్వంసం చేయరాదంటూ ఫ్రాన్స్ 2020లో చట్టం చేసింది. పారవేసే కంటే తక్కువ ధరకైనా మరొకరికి చేర్చడం మేలన్నది అందరూ అంగీకరించే మాట. కాబట్టి ఈ వ్యాపారం తప్పు కాదు. తప్పంతా సరకు గుట్టు దాచి అమ్మడంలోనే ఉంది.

పాత సంతకు కొత్త రూపు

వద్దన్న సరకును కొని అమ్మడం మనకు కొత్తేమీ కాదు. పాత చీరలు, ప్యాంట్లు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే మహిళలు వీధి వీధికీ తిరగడం తెలిసిందే. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత పాత సామాన్లకు పేరుమోసింది. బెంగళూరు, తిరుప్పూరు కర్మాగారాల్లో ఎగుమతికి పనికిరాక మిగిలిన దుస్తులు 'సెకండ్స్' పేరిట సంతల్లో కుప్పలుగా పోసి అమ్మడం ఏళ్ల తరబడి సాగుతున్నదే. హర్యానాలోని పానిపట్టు పట్టణం దేశ విదేశాల పాత ఉన్నిదుస్తులను చించి, నూలు తీసి దుప్పట్లు నేసే పరిశ్రమగా ఎదిగింది.

అయితే సంతలో కుప్పకు, నేటి మూటకు మధ్య ముఖ్యమైన తేడా ఉంది. కుప్పలోని చొక్కాను కొనేవాడు చేత్తో పట్టి చూస్తాడు. చిరుగు కనిపిస్తే ధర తగ్గించమంటాడు. కుప్ప పోసే వ్యాపారి కూడా కర్మాగారం వద్దకో, గోదాముకో వెళ్లి చూసి తెచ్చినవాడే. ఇప్పుడు ఫోనులో బేరం, ఫోనులోనే చెల్లింపు. లారీ దిగాక గానీ సరకు ముఖం తెలియదు.

'వెనక్కి వచ్చిన సరకు' అన్న ఒక్క పేరు కింద అయిదు రకాలు ఉంటాయన్నది గమనార్హం. చేరాల్సిన ఇంటికి చేరక, విప్పకుండానే తిరిగి వచ్చినది మొదటి రకం. ఇది దాదాపు కొత్త సరకే. రంగు, కొలత నచ్చక కొన్నవారు తిప్పి పంపినది రెండోది. సీజను ముగిసి దుకాణంలో మిగిలిపోయినది మూడోది. రవాణాలో దెబ్బ తిన్నది నాలుగోది. పని చేయడం లేదని తిప్పి పంపినది అయిదోది. మొదటి రకానికీ అయిదో రకానికీ విలువలో హస్తిమశకాంతరం. మూటలో ఏ రకం ఎంత ఉందో చెప్పకుండా 'రిటర్న్ సరకు' అని అమ్మడమంటే, పండూ పచ్చీ కలిపిన బాక్సుకు మూత వేసి పాట పాడించినట్టే. పైగా మేలైన సరకును ముందే ఏరుకుని, మిగిలినది మూట కట్టే అవకాశం చేతులు మారిన ప్రతిచోటా ఉంటుంది. గోదాము నుంచి పెద్ద వ్యాపారికి, అక్కడి నుంచి చిన్న వ్యాపారికి, చివరకు మన పట్టణానికి చేరేసరికి మూటలో మిగిలేది ఏమిటో ఊహించడం కష్టం కాదు.

లెక్క చూస్తే..

ఆశ పుట్టించేది ఎమ్మార్పీ. నిజం చెప్పేది అమ్మకపు ధర. ఒక ఉదాహరణ చూద్దాం. మూటలో 200 దుస్తులు ఉన్నాయనుకుందాం. ఒక్కోదాని సగటు ఎమ్మార్పీ రూ.1,000 చొప్పున మొత్తం రూ.2 లక్షలు. అందులో 20 శాతానికే, అంటే రూ.40 వేలకే సరకు ఇస్తామన్నారనుకుందాం. చూడటానికి రూ.1.60 లక్షల లాభంలా ఉంటుంది. అయితే రూ.1,000 ఎమ్మార్పీ ఉన్న దుస్తులు ఆన్‌లైన్‌లోనే సగం ధరకు దొరుకుతున్న కాలమిది. మన పట్టణంలో బ్రాండు సంచీ లేకుండా, తిరిగి వచ్చిన సరకని తెలిసి కొనేవారు మంచి వాటికి రూ.350, చిన్న లోపం ఉన్నవాటికి రూ.180 ఇస్తారని లెక్క వేద్దాం.

సరకు ధర రూ.40 వేలు. జీఎస్టీ 5 శాతం చొప్పున రూ.2 వేలు. లారీ బాడుగ, హమాలీ కలిపి రూ.4 వేలు. వెరసి పెట్టుబడి రూ.46 వేలు. మూట విప్పితే సగం, అంటే 100 మంచివి తేలాయనుకుంటే వాటిపై రూ.35 వేలు వస్తుంది. లోపం ఉన్నవి 60 అనుకుంటే రూ.10,800. మిగిలిన 40 తుడుపుగుడ్డలకే పనికివస్తాయి. మొత్తం వచ్చేది రూ.45,800. అంటే రూ.200 నష్టం. దుకాణం అద్దె, కరెంటు బిల్లు, సహాయకుడి కూలి ఇంకా లెక్కలోకి రానేలేదు.

అదే మూటలో మంచివి 130, లోపం ఉన్నవి 40, పనికిరానివి 30 తేలితే వచ్చేది రూ.52,700. మిగులు రూ.6,700. ఇరవై శాతం ధర మారలేదు. ఊరు మారలేదు, కొనేవారూ మారలేదు. మంచి సరకు వంతు 50 శాతం నుంచి 65 శాతానికి పెరగడం ఒక్కటే నష్టాన్ని మిగులుగా మార్చింది. ఆ వంతు ఎంతో మూట విప్పేదాకా కొనేవాడికి తెలియకపోవడమే ఇక్కడి అసలు చిక్కు. కట్టేవాడికి మాత్రం తెలిసే ఉంటుంది.

పెట్టుబడి అప్పుగా తెస్తే పరిస్థితి మరింత ఇరకాటం. నూటికి మూడు రూపాయల వడ్డీకి రూ.46 వేలు తెస్తే నెలకు రూ.1,380 కట్టాలి. సరకు తెమలడానికి మూడు నెలలు పడితే రూ.4,140 వడ్డీకే పోతుంది. రూ.6,700 మిగులులో చేతికి దక్కేది రూ.2,560. మూడు నెలల కష్టానికి ఇది కూలి కూడా కాదు.

సరకు అసలు ఎవరిది?

'పెద్ద ఆన్‌లైన్ కంపెనీ గోదాము నుంచి నేరుగా' అన్న ప్రకటనలను కాస్త నిదానించి చూడాలి. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్ సంస్థలు సొంతంగా సరకు నిల్వ చేసి వినియోగదారులకు అమ్మరాదన్నది మన దేశంలో నిబంధన. 2018 డిసెంబరులో కేంద్రం దీన్ని మరింత కఠినం చేయగా, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే ఆ వేదికలపై కనిపించే సరకులో అత్యధికం వేర్వేరు ఊళ్లలోని విక్రేతలది. వెనక్కి వచ్చిన వస్తువు కూడా సాధారణంగా ఆ విక్రేతకే చేరుతుంది. అక్కరలేదనుకుంటే దాన్ని మరో వ్యాపారికి వదిలించుకునేది అతడే. కాబట్టి కంపెనీ పేరు, గుర్తు చూపి మూటలు అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఈ సరకు మీకు ఎవరు అమ్మారు? ఆ బిల్లు ఏది?' అన్నదే.

వాడి సరిచేసిన ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల విషయంలో పెద్ద సంస్థలే రంగంలో ఉన్నాయి. ఫ్లిప్‌కార్ట్ 2018లో ఇందుకోసం 'టూగుడ్' పేరిట ప్రత్యేక విభాగం తెచ్చింది. 2022లో పాత ఫోన్లను సరిచేసే 'యాంత్ర' సంస్థను కొనుగోలు చేసింది. ఈ తరహా వ్యాపారంలో ఆయువుపట్టు మరమ్మతు, పరీక్ష, హామీ. ఆ మూడూ చేయగలిగినవారు మేలు సరకును చేజార్చుకోరు. మూటగా బయటకు వచ్చేది వారు వద్దనుకున్నదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక సరకే లేని మోసం మరొకటి. ప్రముఖ సంస్థల గుర్తులతో నకిలీ పేజీలు తెరిచి, ఎవరూ తీసుకోని పార్సిళ్లు నామమాత్రపు ధరకే ఇస్తామంటూ ముందుగా డబ్బు వేయించుకుని మాయమవడం వివిధ దేశాల్లో జరుగుతున్న తంతు. ఇలా మోసపోయినవారు జాప్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఖాతాను నిలిపివేయించే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ.

చట్టం ఎటువైపు?

వినియోగదారుల రక్షణ చట్టం-2019లో 'వినియోగదారుడు' అన్న మాటకు నిర్వచనం ఉంది. తిరిగి అమ్మడం కోసం వస్తువు కొన్నవారు ఆ నిర్వచనంలోకి రారు. అంటే ఇంటికి మిక్సీ కొన్న గృహిణికి లోపం తేలితే జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు. యాభై మిక్సీల మూట కొని నలభై పనిచేయక నష్టపోయిన వ్యాపారికి ఆ తలుపు మూసే ఉంటుంది. ఉపాధి కోసమే కొన్నానన్నా కుదరదు. స్వయం ఉపాధికి ఇచ్చిన మినహాయింపు కొని వాడుకునే వస్తువులకే గానీ, కొని అమ్మే సరకుకు కాదు.

అతడికి మిగిలేది 1930 నాటి వస్తు విక్రయ చట్టం, సివిల్ కోర్టు. వర్ణన చెప్పి అమ్మినప్పుడు సరకు ఆ వర్ణనకు సరిపోవాలని, నమూనా చూపి అమ్మినప్పుడు నమూనాకు తగ్గట్టు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. కానీ బిల్లుపై 'ఉన్నది ఉన్నట్టుగా' అని రాయించుకుని, ఏ జాబితా లేకుండా కొన్నవాడు దేనితో పోల్చి చూపగలడు? ఇరవై, ముప్పై వేల కోసం పరాయి రాష్ట్రంలోని వ్యాపారిపై దావా వేసి తిరగడం చిన్న వ్యాపారికి సాధ్యమయ్యే పని కాదు.

అదే సమయంలో అతడి వద్ద కొన్నవారికి మాత్రం చట్టం అండగా నిలుస్తుంది. పాతవి, మరమ్మతు చేసినవి కొత్తవిగా నమ్మించి అమ్మడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకుంటే 30 రోజుల్లో వెనక్కి తీసుకోనని నిరాకరించడమూ ఆ కోవలోకే వస్తుంది. పైనున్నవాడు చేతులు దులుపుకొంటాడు. కింద కొన్నవాడు కమిషన్‌కు వెళతాడు. మధ్యలో నలిగిపోయేది ఊళ్లోని చిన్న వ్యాపారి. గంపగుత్త బేరంలో ధర తక్కువగా ఉండటానికి అసలు కారణం ఇదే. తగ్గించిన ధరతో పాటు నష్టభయాన్ని కూడా అతడికే అమ్ముతున్నారు.

ముట్టకూడని సరకు

కొన్ని వస్తువులు ఎంత చౌకగా వచ్చినా ముట్టకపోవడమే శ్రేయస్కరం. గడువు మీరిన, మీరబోతున్న తినుబండారాలు, పసిపిల్లల పాలపొడి, సౌందర్య సామగ్రి ఇందులో ముందువరుసలో ఉంటాయి. గడువు తీరిన, తిరస్కరించిన ఆహార పదార్థాల వివరాలను ఉత్పత్తిదారులు మూడు నెలలకోసారి సమర్పించాలని జాతీయ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 డిసెంబరులో ఆదేశించింది. కొత్త ముద్ర వేసి మళ్లీ అమ్మకానికి పెట్టకుండా చూడటమే దీని ఉద్దేశం. పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి, ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర ఉన్నా, కిందపడి దెబ్బ తిన్న హెల్మెట్ తలను కాపాడదు.

ఫోన్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రతి ఫోనుకు ఉండే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను సంచార్ సాథీ వేదికలో సరిచూడవచ్చు. కేవైఎం అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఆ పక్కన సంఖ్య టైపు చేసి 14422కు సందేశం పంపినా వివరం తెలుస్తుంది. బిల్లు లేని ఫోన్ల మూటలో దొంగసొత్తు ఉంటే కేసు మెడకు చుట్టుకుంటుంది. దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మేందుకు తగిన కారణం ఉండి తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. అసాధారణంగా తక్కువ ధర, లేని బిల్లు ఇలాంటి కేసుల్లో కొన్నవాడికి వ్యతిరేకంగా నిలిచే అంశాలు.

మన పట్టణాలకు అనువేనా?

భౌగోళికంగా చూస్తే ఈ వ్యాపారానికి మన ప్రాంతం అనువైనదే. అనంతపురం నుంచి కృష్ణగిరి వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పంలను ఒకే తాడుపై గుచ్చినట్టు కలుపుతోంది. హోస్కోటె, మాలూరు పరిసరాల్లో వెలసిన ఆన్‌లైన్ వ్యాపార గోదాములు ఇక్కడికి కొన్ని గంటల ప్రయాణం. కుప్పం నుంచి బెంగళూరుకు నిత్యం రైల్లో పనులకు వెళ్లివచ్చేవారు ఎందరో. అంటే ఇక్కడి వ్యాపారికి దూరపు ఊళ్లవారికి లేని ఒక వెసులుబాటు ఉంది. ఫోనులో బేరమాడాల్సిన అగత్యం లేదు. పొద్దున వెళ్లి, సరకును కళ్లారా చూసి, చేతితో తడిమి, రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఆ వెసులుబాటును వదులుకుని వీడియో చూసి సొమ్ము వేయడం చేతిలోని దీపాన్ని ఆర్పి దారి వెతుక్కోవడమే.

రెండో వెసులుబాటు చేతిపని. గుండీ ఊడిన చొక్కా, కుట్టు విడిన బ్యాగు, వైరు తెగిన మిక్సీ పెద్ద గోదాముకు చెత్త. ఒక్కోదానికి మనిషిని పెట్టి సరిచేయించడం అక్కడ గిట్టుబాటు కాదు. మన వీధిలోని దర్జీకి, మెకానిక్‌కు అది పావుగంట పని. పై లెక్కలో లోపం ఉన్న 60 దుస్తుల్లో 40ని ఒక్కోదానికి రూ.30 ఖర్చుతో సరిచేయించి రూ.180కి బదులు రూ.300కు అమ్మగలిగితే, ఖర్చు పోను అదనంగా రూ.3,600 మిగులుతుంది. రూ.200 నష్టం రూ.3,400 మిగులుగా మారుతుంది. మూట కొనడంలో కాదు, మూట విప్పాక చేసే పనిలోనే ఈ వ్యాపారపు లాభం దాగి ఉందని దీన్నిబట్టి స్పష్టమవుతోంది. దర్జీ పని తెలిసిన పొదుపు సంఘాల మహిళలు ఇలాంటి పని చేపడితే గ్రామాల్లోనే ఉపాధి దొరుకుతుంది.

పన్నుల విషయమూ తెలిసి ఉండాలి. రాష్ట్రంలో వస్తువుల వ్యాపారికి ఏడాది టర్నోవరు రూ.40 లక్షలు దాటే వరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. కుప్పం వంటి సరిహద్దు పట్టణాల నుంచి కర్ణాటకకో, తమిళనాడుకో సరకు అమ్మితే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 వరకు ధర ఉన్న దుస్తులు, చెప్పులపై పన్ను 5 శాతం. విలువ రూ.50 వేలు దాటిన సరకు రాష్ట్రం దాటి రావాలంటే ఈ-వే బిల్లు ఉండాల్సిందే. లేకుంటే దారిలో ఆపితే జరిమానాతో లాభమంతా ఆవిరవుతుంది.

కొనేముందు ఇవి చూడాలి

* సరకు జాబితా రాతపూర్వకంగా అడగాలి. ఏ రకం ఎన్ని, విప్పినవా, విప్పనివా అన్నది అందులో ఉండాలి. ఆ జాబితాను బిల్లుకు జత చేయించుకోవాలి.
* గోదాముకు వెళ్లి, అమ్మేవారు చూపిన మూటను కాక తాము ఎంచుకున్న మూటను విప్పించి చూడాలి. విప్పనివ్వకుంటే వెనుదిరగాలి.
* అమ్మేవారి జీఎస్టీ సంఖ్యను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకుని, ఆ పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాకే సొమ్ము చెల్లించాలి.
* తొలి బేరం చిన్నదిగా, ఒకే రకం సరకుతో ఉండాలి. అది పూర్తిగా తెమిలి, లెక్క తేలాకే రెండోది.
* వడ్డీ వ్యాపారుల వద్దకు పోకుండా, హామీ లేకుండా రూ.50 వేల వరకు లభించే ముద్ర శిశు రుణం కోసం బ్యాంకును సంప్రదించాలి.
* దుకాణంలో 'ఇది వెనక్కి వచ్చిన సరకు' అని బోర్డు పెట్టాలి. లోపం ఏమిటో చెప్పి, బిల్లులో రాసి అమ్మాలి.

కొనుగోలుదారులూ అప్రమత్తంగా ఉండాలి. బిల్లు అడిగి తీసుకోవాలి. విద్యుత్ వస్తువులను దుకాణంలోనే పనిచేయించి చూడాలి. ఎమ్మార్పీ చీటీ చింపినా, దానిపై మరొకటి అంటించినా అనుమానించాలి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల వరకు విలువైన వస్తువుల వివాదంపై జిల్లా కమిషన్‌లో రుసుము లేకుండానే ఫిర్యాదు దాఖలు చేసే వీలుంది.

లోపం చెప్పి అమ్మితే ధర తగ్గుతుందని వ్యాపారులు వెనకాడటం సహజం. కానీ చిన్న పట్టణంలో వ్యాపారానికి అసలు పెట్టుబడి నమ్మకం. ఈ రోజు మోసపోయిన మనిషి రేపు సంతలో ఎదురవుతాడు, మరో పదిమందికి చెబుతాడు. ఊరూ పేరూ తెలియని మూట వ్యాపారికి ఆ బెడద లేదు. అడుగు కాయను చూడనిదే టమాటా పాట పాడని ఈ ప్రాంతం, కళ్లు మూసుకుని మూట కొనాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు.